పది సెకన్లలో పడిపోయిన సౌండ్: ఒక ట్యూబ్ ప్రీయాంప్ రిపేరు

"అన్నా, ఉన్నట్టుండి సౌండ్ పడిపోతోంది. కాసేపటికి దానంతట అదే వస్తోంది." మార్చి మధ్యలో గిటారు వాయించే ఒక తమ్ముడు తన ప్రీయాంప్ గురించి, అంటే గిటారు సన్నటి సిగ్నల్‌ను పెంచి మిక్సర్‌కు పంపే పెట్టె గురించి, ఫోన్‌లో చెప్పిన మాట ఇది. గుణదల వైపు ఒక చర్చిలో వాయిస్తాడు. రిసెప్షన్లకు గుంటూరు, తెనాలి కూడా వెళ్తుంటాడు. నేను విజయవాడ గవర్నరుపేటలో మేడ మీద చిన్న గదిలో ఆంప్లిఫయర్లు, మిక్సర్లు బాగుచేస్తుంటాను. అతను అన్న "ఉన్నట్టుండి" అనే మాటను నేను ఉన్నదున్నట్టు నమ్మేశాను. ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఉంటే సరిపోయేది, వేయలేదు. దాంతో మట్టల ఆదివారం ఆరాధన మధ్యలో అతని గిటారు మూగబోయింది. అందుకే నేను తప్పుదారి పట్టిన భాగం కూడా దాచకుండా ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

బాక్సు ఇదీ

ర్యాకులో రెండు యూనిట్ల ఎత్తు పట్టే గిటార్ ప్రీయాంప్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లోపల రెండు 12ఏఎక్స్7 ట్యూబులు నిటారుగా నిలబడి ఉంటాయి. గిటారిస్టులు ట్యూబ్ అంటారు, పాత రేడియో మెకానిక్కులు ఇదే వస్తువును ఈసీసీ83 వాల్వు అంటారు. ఒక్కో గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు, అంటే సిగ్నల్‌ను పెంచే రెండు విడి భాగాలు, ఉంటాయి కాబట్టి మొత్తం నాలుగు స్టేజీలు. గిటారు సిగ్నల్ మొదటి ట్యూబులోని రెండు స్టేజీలు దాటి, టోన్ కంట్రోల్స్ గుండా వెళ్లి, రెండో ట్యూబులోని రెండు స్టేజీల్లోకి వస్తుంది. అక్కడి నుంచి మాస్టర్ వాల్యూమ్, ఆ తర్వాత ఐసీతో నడిచే ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెట్టెలను మధ్యలో కలిపే దారి; సెండ్ జాక్‌లోంచి సిగ్నల్ బయటికి వెళ్తుంది, రిటర్న్ జాక్‌లోంచి లోపలికి వస్తుంది), చివర మిక్సర్‌కు వెళ్లే అవుట్‌పుట్.

ట్యూబులో ఎలక్ట్రాన్లు వచ్చి చేరే రేకును ప్లేటు అంటారు. దానికి ఇచ్చే ఎక్కువ వోల్టేజీ సప్లై, మన మెకానిక్కుల భాషలో హెచ్‌టీ, 272 వోల్టులు. ట్యూబును లోపల వేడిచేసే హీటర్లకు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా 6.3 వోల్టుల ఏసీ కరెంటు. ప్రతి ట్యూబులో 4, 5 పిన్నులను కలిపి ఒక వైపు, 9వ పిన్ను రెండో వైపు. ఒక్కో ట్యూబు హీటరు 300 మిల్లీయాంప్‌లు తీసుకుంటుంది. సాకెట్లు ఛాసిస్‌కు బిగించినవి కావు. నేరుగా సర్క్యూట్ బోర్డు మీదే సోల్డర్ చేశారు. ఈ చివరి సంగతిని నేను మొదటి రోజే చూశాను కానీ దాని గురించి ఆలోచించలేదు.

మొదటిసారి జరిగింది

నా దగ్గరకు వచ్చేలోపే తమ్ముడు తనకు తోచిన వైద్యం ఒకటి చేశాడు. ఆన్‌లైన్‌లో కొత్త 12ఏఎక్స్7 తెప్పించి రెండో సాకెట్‌లో పెట్టాడు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పలికిందట. ఐదో రోజు మళ్లీ అదే గొడవ. "కొత్త ట్యూబు కూడా డూప్లికేట్ వచ్చిందేమో అన్నా" అన్నాడు. ఆ ట్యూబు ఏ తప్పూ చేయలేదు. ఆ నాలుగు రోజులు ఎందుకు పలికిందన్నది మాత్రం నాకు మూడు వారాల తర్వాత గానీ అర్థం కాలేదు.

సౌండ్ పడిపోయి, సన్నబడి, మళ్లీ వచ్చే కేసుల్లో నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ ఎఫెక్ట్స్ లూప్ జాక్. లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సెండ్ నుంచి రిటర్న్‌కు సిగ్నల్ వెళ్లేది రిటర్న్ జాక్‌లో ఉండే ఒక చిన్న స్ప్రింగ్ రేకు ద్వారా. ఏళ్ల తరబడి అందులో పిన్ను పెట్టకపోతే ఆ రేకు నల్లబడిపోతుంది. కృష్ణ ఒడ్డు ఊరు, వానాకాలం తేమ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నల్లబడిన రేకు తాకీ తాకనట్టు ఉంటే సౌండ్ సగానికో పావుకో పడిపోతుంది. దీనికి పరీక్ష కూడా సులువు: సెండ్‌కూ రిటర్న్‌కూ మధ్య పొట్టి కేబుల్ పెట్టడం. కేబుల్ పెట్టగానే సౌండ్ తిరిగొస్తే జాక్‌దే తప్పు.

నేను కేబుల్ పెట్టించాను. అతను వాయించాడు, బాగుంది. కేబుల్ తీసేశాం. వాయించాడు, అప్పుడూ బాగానే ఉంది. నిజానికి నేను అక్కడే ఆగాల్సింది. ఫాల్టు కనిపించని వేళ చేసిన పరీక్ష దేన్నీ నిరూపించదు. కానీ జాక్ విప్పి చూస్తే రేకు నిజంగానే నల్లగా ఉంది, కదిపితే బరబరమంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రేకును కొద్దిగా వంచి పట్టు పెంచాను. మూత తీసి ఉంచి, ఏసీ గదిలో అరగంట వాయించి చూసి, డబ్బులు తీసుకుని పంపించేశాను. ఏసీ వేసి, మూత తీసి. ఈ రెండింటి వల్ల అసలు జబ్బు నా ముందు తలెత్తే అవకాశమే లేకపోయింది.

పెన్‌డ్రైవ్‌లో వినబడింది

మట్టల ఆదివారం మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మనిషి నీరుగారిపోయి ఉన్నాడు. మూడో పాటలో గిటారు పోయిందట. పైన చేత్తో కొట్టి చూశాడట. "కొట్టినా రాలేదన్నా, తర్వాత దానంతట అదే వచ్చింది." శుక్రవారం గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం, మాట మాటకూ మధ్య ఒక పాట. అంటే మూడు గంటలు ప్రీయాంప్ ఆన్‌లో ఉండాలి, అదీ ఏప్రిల్ ఎండలో. నా చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

చర్చిలో సౌండ్ చూసే కుర్రాడు జనరేటర్ వోల్టేజ్ తగ్గి ఇలా అయి ఉంటుందని చెప్పాడట. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, కానీ నిలబడలేదు. కరెంటు తగ్గితే రెండు ట్యూబులూ, ఐసీలూ, పక్కనున్న కీబోర్డూ అన్నీ కలిసి ఇబ్బంది పడాలి. ఒక్క గిటారే పోవడం ఏమిటి?

అదృష్టం ఏమిటంటే వాళ్ల మిక్సర్ ఆరాధన మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేస్తుంది. ఈ ప్రీయాంప్ మైకు లేకుండా నేరుగా మిక్సర్‌లోకే వెళ్తుంది కాబట్టి గిటారు స్పష్టంగా వినబడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడో పాట దగ్గర విన్నాను. ఒకసారి కాదు, పదిసార్లు విని ఉంటాను.

అది ఉన్నట్టుండి పోవడం కాదు. స్విచ్ ఆపినట్టు టక్కున తెగలేదు. కార్డ్ కొడుతూనే ఉన్నాడు, ప్రతి కార్డూ ముందుదానికంటే కాస్త లోతుకు వెళ్తోంది, కాస్త మసకబారుతోంది. వాచీ పెట్టి చూస్తే దాదాపు తొమ్మిది సెకన్లు. ఆ తర్వాత అడుగున సన్నగా, నీరసంగా మిగిలింది. వాయించే మనిషికి, చుట్టూ డ్రమ్స్, యాభై మంది పాడుతున్న గొంతులు ఉన్నప్పుడు, అది "ఉన్నట్టుండి" లాగే అనిపిస్తుంది. అతను అబద్ధం చెప్పలేదు. నేనే సరిగ్గా అడగలేదు.

ఇంకొకటి కూడా వినబడింది. నిమిషంన్నర తర్వాత "టప్" మని చిన్న శబ్దం. పైన కొట్టిన దెబ్బ అది. ట్యూబులకు ఆ లక్షణం ఉంది, తడితే లోపలి రేకులు అదిరి ఆ అదురు సౌండ్‌గా బయటికి వస్తుంది. ఆ దెబ్బ తర్వాత ఏమీ మారలేదు. ఐదు సెకన్లు, ఏడు సెకన్లు. పదో సెకను దాటాక గిటారు మెల్లగా పైకి తేలుతూ వచ్చి, మామూలు సౌండ్‌కు చేరింది. అంటే దెబ్బ పనిచేసింది. ఫలితం పది సెకన్లు ఆలస్యంగా వచ్చింది కాబట్టి అతనికి ఆ రెండింటికీ సంబంధం తెలియలేదు.

ఈ పది సెకన్ల దగ్గరే కేసు తేలిపోయింది. మిగతాదంతా రుజువు చేసుకోవడం.

పడిపోవడానికి ఎంతసేపు, లేవడానికి ఎంతసేపు

సిగ్నల్ వెళ్లే దారిలో ఎక్కడ తెగినా, అది జాక్ కానివ్వండి, పాట్ (తిప్పే వాల్యూమ్ కంట్రోల్) కానివ్వండి, స్టేజీలను కలిపే కప్లింగ్ కండెన్సర్ కానివ్వండి, కేబుల్ కానివ్వండి, సౌండ్ ఆ క్షణంలోనే పోతుంది, అతుక్కున్న క్షణంలోనే వస్తుంది. మధ్యలో ఆలస్యం చేసే వస్తువు ఆ దారిలో ఏదీ లేదు.

హెచ్‌టీ తెగితే కథ కొంచెం వేరు. ఆ స్టేజీ పక్కన ఉండే ఫిల్టర్ కండెన్సర్‌లో దాచిన చార్జి ఖర్చయ్యేదాకా ట్యూబు పలుకుతూనే ఉంటుంది. ఈ బాక్సులో అక్కడున్నది 22 మైక్రోఫారడ్, రెండో ట్యూబు లాగేది సుమారు 2 మిల్లీయాంప్‌లు. లెక్క వేస్తే మూడు సెకన్లు, కాస్త అటూ ఇటూ. పోయేటప్పుడు సౌండ్ చిరిగిపోయినట్టు వస్తుంది. కానీ తిరిగి అతుక్కుంటే 10 కె (పది వేల ఓమ్స్) రెసిస్టెన్స్ గుండా ఆ కండెన్సర్ సెకనులోపే నిండిపోతుంది. పోవడం నిదానం, రావడం వేగం.

పోవడమూ నిదానంగా, రావడమూ నిదానంగా ఉంటే అది వేడికి సంబంధించిన వ్యవహారం. ట్యూబులో కాథోడ్ అనేది సన్నటి లోహపు గొట్టం, దాని లోపల హీటర్ తీగ. హీటర్‌కు కరెంటు ఆగిపోయినా గొట్టం వెంటనే చల్లారదు, ఎలక్ట్రాన్లను వదులుతూనే ఉంటుంది. పొయ్యి ఆపినా పెనం మీద ఇంకో అట్టు కాలినట్టు. మళ్లీ కరెంటు వచ్చినా గొట్టం వేడెక్కేదాకా ఆగాల్సిందే. ట్యూబ్ ఆంప్ ఆన్ చేశాక సౌండ్ రావడానికి ఎంత సమయం పడుతుందో గిటారిస్టులందరికీ తెలుసు. రికార్డింగ్‌లో నేను విన్న పది సెకన్లు అవే.

మా బాబాయి వాల్వు రేడియోలు బాగుచేసేవాడు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాత ఇంటింటికీ చేరిన వాల్వు సెట్లను ట్రాన్సిస్టర్ వచ్చి తోసేసేదాకా ఆయనకు చేతినిండా పనే. రేడియో ముందుకు రాగానే మీటరు తీసేవాడు కాదు. వెనక అట్ట ఊడదీసి, చేత్తో వెలుతురుకు అడ్డం పెట్టి, వాల్వుల్లో దీపాలు వెలుగుతున్నాయా లేదా అని చూసేవాడు. నేను చిన్నప్పటి నుంచి చూసిన పని. అయినా మొదటిసారి ఈ బాక్సు వచ్చినప్పుడు చేయలేదు.

ఫాల్టును రప్పించడం

సోమవారం మధ్యాహ్నం ఏసీ ఆపేశాను. గదిలో 37 డిగ్రీలు. ముందుగా మూత తీసి, రెండో ట్యూబు మొదటి ట్రయోడ్ నుంచి రెండు తీగలు బయటికి తెచ్చాను: ఒకటి ప్లేటు, అంటే 1వ పిన్ను నుంచి, ఇంకొకటి కాథోడ్, 3వ పిన్ను నుంచి.

ఇలా చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ప్లేటు మీద మామూలుగా 180 వోల్టుల దాకా ఉంటుంది, హెచ్‌టీ 270 పైన. అందుకే పవర్ తీసేశాక, ఫిల్టర్ కండెన్సర్లను 10 కె, 5 వాట్ల రెసిస్టెన్స్‌తో నేలకు దింపి, మీటరుతో సున్నాకు దగ్గరగా వచ్చిందని చూసుకున్నాకే తీగలు సోల్డర్ చేశాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి "టప్" మనిపించే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానేయండి. కండెన్సర్ పాడవుతుంది, కన్ను కూడా పోవచ్చు. రెండోది, ప్లేటుకు పొడవాటి తీగ వేలాడదీస్తే అది యాంటెనాలాగా పనిచేసి ట్యూబు ఈల వేస్తుంది. అందుకని ప్లేటు దగ్గరే 1 మెగ్ (పది లక్షల ఓమ్స్) రెసిస్టెన్స్ పెట్టి దాని అవతల తీగ కలిపాను. మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగ్ కాబట్టి అది పదకొండో వంతు తక్కువ చూపిస్తుంది. కింద నేను ఇచ్చేవి సరిచేసిన అంకెలు.

తీగలను గాలి రంధ్రాల్లోంచి బయటికి లాగి, మూత బిగించి, పైన అట్టముక్క కప్పాను. ఇన్‌పుట్‌కు 1 కిలోహెర్ట్జ్, 20 మిల్లీవోల్టుల సిగ్నల్, అవుట్‌పుట్ చిన్న స్పీకర్‌కు. మొదట ప్లేటు 178 వోల్టులు, కాథోడ్ 1.4 వోల్టులు. ప్లేటు రెసిస్టెన్స్ 100 కె, కాథోడ్ రెసిస్టెన్స్ 1.5 కె. లెక్కకు సరిపోయాయి: ట్యూబు గుండా ఒక మిల్లీయాంప్‌కు కొంచెం తక్కువ పారుతోంది, ఆరోగ్యంగా ఉంది.

యాభై రెండో నిమిషంలో స్పీకర్‌లో కూత దిగిపోవడం మొదలైంది. టీ గ్లాసు పక్కన పెట్టి మీటర్ల వైపు చూశాను. ప్లేటు 178 నుంచి 190, 210, 235, చివరికి 250 దగ్గర ఆగింది. హెచ్‌టీ కూడా లోడు తగ్గి 276 చూపిస్తోంది. కాథోడ్ 1.4 నుంచి 0.4కు దిగింది.

ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. ప్లేటు రెసిస్టెన్స్ తెగితే ప్లేటు వోల్టేజీ పడిపోతుంది, దాంతోపాటు కాథోడూ పడిపోతుంది. కాథోడ్ రెసిస్టెన్స్ తెగితే ప్లేటు పైకి వెళ్తుంది, కానీ కాథోడ్ కూడా పైకే వెళ్తుంది. ప్లేటు పైకి, కాథోడ్ కిందికి వెళ్లాయంటే చుట్టూ ఉన్న భాగాలు బాగానే ఉన్నాయి, ట్యూబే కరెంటు ఇవ్వలేకపోతోంది. అంటే ముసలిదైపోయిన ట్యూబు అయినా కావాలి, లేదా హీటరు అయినా కావాలి. సిగ్నల్ కూడా అదే చెప్పింది. ఫాల్టు ఉండగానే ముందు, తర్వాత స్టేజీలు స్కోపుతో (సిగ్నల్‌ను తెర మీద చూపే పరికరంతో) చూశాను. మొదటి ట్యూబు తొలి ప్లేటు మీద 1.1 వోల్టులు, అంటే 55 రెట్లు, మామూలే. మాయమైన సౌండ్ అంతా రెండో ట్యూబులోనే.

కదపకుండా లైటు ఆపేశాను. కిటికీకి దుప్పటి అడ్డం పెట్టాను. గాలి రంధ్రాల్లోంచి కన్ను పెట్టి చూస్తే మొదటి ట్యూబులో రెండు నారింజ చుక్కలు నిక్కచ్చిగా వెలుగుతున్నాయి. రెండో ట్యూబులో అదే చోట ఆరిపోబోయే అగరుబత్తి కొసలాంటి ముదురు ఎరుపు. కళ్లు చీకటికి అలవాటు పడితే గానీ కనిపించనంత. బాబాయి గుర్తొచ్చాడు.

ఇక్కడ చాలామంది చేసే పని ట్యూబు ఊడదీయడం. నేను వద్దనుకున్నాను. ఊడదీసి మళ్లీ పెడితే బోర్డు వంగుతుంది, ఫాల్టు పారిపోతుంది. తమ్ముడి కొత్త ట్యూబు నాలుగు రోజులు పలకడానికి కారణం అదే. అది కొత్తదని కాదు, దాన్ని సాకెట్‌లోకి నొక్కినప్పుడు కింద ఏదో తిరిగి అతుక్కుంది. ఫాల్టు ట్యూబుదా, సాకెట్‌దా అన్నది తేలడానికి రెండు ట్యూబులనూ అటూ ఇటూ మార్చి చూడడం మంచి పద్ధతే. కానీ మార్చే పనే జబ్బును దాచేస్తుందంటే, ముందు కొలవాలి, తర్వాతే కదపాలి.

2.8 వోల్టులు

మూతను నాలుగు స్క్రూలు విప్పి నెమ్మదిగా ఎత్తాను. ఫాల్టు అలాగే ఉంది. ఒక చేయి జేబులో పెట్టుకుని, ఇంకో చేత్తో మీటరు పట్టుకున్నాను. నల్ల ప్రోబ్‌ను ముందే క్లిప్‌తో బిగించుకున్నాను. 270 వోల్టులున్న బోర్డు మీద రెండు చేతులూ పెట్టకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 6.3 వోల్టుల ఏసీ. మొదటి ట్యూబు పిన్నుల మధ్య 6.2. రెండో ట్యూబు దగ్గర బోర్డు రాగి పట్టీల మధ్య 6.2. అదే రెండో ట్యూబు సాకెట్ పిన్నుల మీద, అంటే 4, 5 కలిసిన చోటికీ 9కీ మధ్య, 3.4.

బోర్డు దాకా వచ్చిన 6.2, రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న పిన్ను దగ్గరకు చేరేసరికి 3.4 అయింది. ఇక ఒకే కొలత మిగిలింది. ఒక ప్రోబ్ 9వ పిన్ను పట్టీ మీద, ఇంకో ప్రోబ్ నేరుగా 9వ పిన్ను మీద. ఒకే సోల్డర్ బొట్టుకు ఈ వైపూ ఆ వైపూ. అక్కడ సున్నా ఉండాలి. 2.8 వోల్టులు ఉంది.

హీటరు తీగ చల్లబడే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి కచ్చితంగా చెప్పలేం గానీ, ఆ ఒక్క సోల్డర్ దగ్గర పదమూడు, పద్నాలుగు ఓమ్స్ దాకా ఉండి ఉంటుంది. అర వాటుకు పైనే వేడి అక్కడే పుడుతోందన్న మాట. ఆ వేడికి సోల్డర్ ఇంకా విచ్చుకుంటుంది, విచ్చుకున్న కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. వెదురు పుల్లతో 9వ పిన్ను పక్కన మెల్లగా నొక్కాను. మీటరు 2.8 నుంచి ఒక్కసారిగా సున్నాకు పడింది. సౌండ్ మాత్రం రాలేదు. పది సెకన్లు నిలబడ్డాను. కూత మెల్లగా పైకి లేచింది.

పవర్ తీసి, కండెన్సర్లు ఖాళీ చేసి, బోర్డును తిరగేసి భూతద్దం కింద పెట్టాను. 9వ పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుక మందాన ఒక నల్లటి గీత, ఉంగరంలాగా పూర్తిగా చుట్టి వచ్చింది. దాని చుట్టూ బోర్డు చపాతీ మీద పడే మచ్చలాగా గోధుమ రంగుకు తిరిగింది. మన మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు కానీ ఇది మొదటి నుంచీ సరిగా పట్టని సోల్డర్ కాదు, ఏళ్ల తరబడి కదిలి కదిలి చిట్లిపోయింది. సాకెట్ బోర్డు మీదే ఉంది కాబట్టి ట్యూబు పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా ఆ బరువంతా సోల్డర్ బొట్ల మీదే పడుతుంది. ఆన్ చేసినప్పుడల్లా వేడికి సాగడం, ఆపినప్పుడల్లా ముడుచుకోవడం. ఆపైన ఈ బాక్సు బండి ముందు ఫుట్‌బోర్డు మీద నిలబడి విజయవాడ నుంచి గుంటూరు దాకా ముప్పై కిలోమీటర్లు ఎన్నిసార్లు గతుకుల్లో ఊగి ఉంటుందో తమ్ముడికే తెలియాలి.

బాగుచేయడం

పాత సోల్డర్ మీదే కొత్తది కరిగించి వదిలేస్తే కొన్నాళ్లు నిలుస్తుంది, మళ్లీ చిట్లుతుంది. పిన్ను మీద పట్టిన నల్లటి తుప్పు పొర కొత్త సోల్డర్‌ను పట్టనివ్వదు. పాతదంతా పీల్చేసి, పిన్నును సన్నటి బ్లేడుతో మెరిసేదాకా గీకి, ఫ్లక్స్ రాసి, 60/40 సోల్డర్‌తో నింపాను. వేడికి రాగి పట్టీ అంచు బోర్డు నుంచి కొద్దిగా లేచి ఉంది. దాని మీద నమ్మకం పెట్టుకోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే హీటర్ లైనును రెండు తీగలుగా మెలితిప్పి రెండు సాకెట్ల పిన్నులకూ నేరుగా వేశాను. మెలితిప్పడం అందం కోసం కాదు. ఏసీ హీటర్ తీగలు పక్కపక్కన మెలిపడి ఉంటే వాటి హమ్ ఒకదానికొకటి కొట్టుకుపోతుంది, పక్కనే ఉన్న గ్రిడ్‌లోకి, అంటే ట్యూబులోకి సిగ్నల్ వెళ్లే చోటికి, చేరదు.

9వ పిన్ను ఒక్కటే కాదు, రెండు సాకెట్లలోని పద్దెనిమిది పిన్నులూ తిరిగి సోల్డర్ చేశాను. ఒకటి చిట్లిందంటే పక్కవి కూడా అదే దారిలో ఉంటాయి. భూతద్దంలో చూస్తే మొదటి సాకెట్ 4వ పిన్ను దగ్గర సగం ఉంగరం అప్పటికే మొదలైంది. సాకెట్ లోపలి పట్టు రేకులను కూడా సూదితో కొద్దిగా బిగించాను.

తమ్ముడు వేస్ట్ అనుకుని సంచిలో పడేసిన పాత ట్యూబునూ పరీక్షించాను. బాబాయి పెట్టెలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు తయారు చేసిన ఈసీసీ83 ఒకటి ఉంది. దాన్ని పోలికకు పెట్టుకున్నాను. అదే సాకెట్‌లో భారత్ వాల్వుకు ప్లేటు మీద 174, కొత్త ట్యూబుకు 178, పారేయబోయిన పాతదానికి 181. మూడూ బాగానే ఉన్నాయి. ట్యూబు గాజుది, లోపల ఎర్రగా వెలుగుతుంది, చేత్తో పీకి మార్చొచ్చు, అందుకే ఏం జరిగినా ముందు దాని మీదే అనుమానం. రెండు వేలు పెట్టి కొత్తది కొనేముందు ఎవరైనా హీటర్ పిన్నుల మీద ఒక్కసారి మీటరు పెడితే చాలు.

మంగళవారం, బుధవారం మధ్యాహ్నాలు ఏసీ లేకుండా, మూత బిగించి, అట్ట కప్పి నాలుగేసి గంటలు నడిపాను. ప్రతి అరగంటకూ అంకెలు రాసుకున్నాను. ప్లేటు 177కూ 179కీ మధ్యే తిరిగింది. హీటర్ 6.2 నుంచి కదలలేదు. మధ్యమధ్యలో వెదురు పుల్లతో అన్నిచోట్లా తట్టాను. తట్టిన శబ్దం తప్ప ఏమీ రాలేదు.

గురువారం సాయంత్రం తమ్ముడు వచ్చాడు. మార్చిలో జాక్ క్లీనింగ్‌కు తీసుకున్న డబ్బు ఈ బిల్లులో తగ్గించాను. అతను వద్దన్నాడు. "నీ జాక్ బాగుపడింది గానీ నీ సమస్య తీరలేదు తమ్ముడూ, దానికి డబ్బెలా తీసుకుంటాను" అన్నాను. బాక్సును నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి, కింద మందపాటి స్పాంజి వేసి తీసుకెళ్లమని చెప్పాను. శుక్రవారం మూడున్నరకు ఫోన్ చేశాడు. ఏడు మాటలూ అయ్యాయి, ఏడు పాటలూ అయ్యాయి, ఒక్కసారి కూడా దిగలేదన్నాడు. అతని గొంతు విన్నాక గానీ నాకు మధ్యాహ్నం అన్నం తినలేదని గుర్తురాలేదు.

జూన్ రెండో వారంలో, రోహిణి కార్తె ఎండలన్నీ దాటాక, బాక్సును ఒకసారి తెమ్మన్నాను. గంటసేపు వేడెక్కనిచ్చి, అదే 9వ పిన్ను సోల్డర్‌కు ఈ వైపూ ఆ వైపూ ప్రోబులు పెట్టాను. 4 మిల్లీవోల్టులు. మూత బిగించి ఇచ్చేశాను.